పెద్ద డోలుకు మైకు

"పడుకో! నేల మీద పడుకో!"

ఆ కేక తనకేనని మాబాషాకు తెలియలేదు. బేతంచెర్ల స్టేషన్లో రైలు దిగి, భుజాన ఒక పెట్టె, చేతిలో ఒక పెట్టె పట్టుకుని నాపరాళ్ల గనులకు అడ్డదారిన పోతున్నాడు. ఆషాఢం గాలి. చెవుల్లో ఈల తప్ప ఇంకేమీ వినిపించడం లేదు.

వెనక నుంచి ఎవరో చొక్కా పట్టి లాగారు. పెట్టెలతో సహా వెల్లకిలా పడ్డాడు. లేవబోతే ఒక చెయ్యి మెడ పట్టి, పేర్చిన రాతిపలకల చాటుకు ఈడ్చింది.

అప్పుడు భూమి కదిలింది. తర్వాత రాళ్లు పడ్డాయి. చిన్నవి టపటపమని, పెద్దవి ధబ్బుమని. ఒకటి వచ్చి అతను ఇంతకుముందు నడుస్తున్న దారిలోనే దిగబడింది.

దుమ్ము అణిగేదాకా ఆ చెయ్యి మెడ మీద నుంచి కదల్లేదు. కదిలాక తిరిగి చూస్తే ఆడపిల్ల. ఓణీ ముఖానికి చుట్టుకుంది. కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. కోపంగా ఉన్నాయి.

"ఏమప్పా, చెవుడా నీకు?"

"నాకా? లేదే."

"మల్ల అంత డోలు కొడ్తాంటే ఎట్ల వస్తాండావు? సావల్లని బయల్దేరినావా?"

"ఏం డోలు? నాకేమీ ఇనపడలేదు."

ఆ మాటతో ఆ పిల్ల కోపం చప్పున చల్లారిపోయింది. గాలి వీస్తున్న వైపు ఒకసారి చూసింది.

"మా అన్నకూ ఇనపడలేదు" అంది.

మాబాషాకు గుండె ఇంకా దడదడమంటోంది. ఏదో ఒకటి మాట్లాడకపోతే ఆ దడ ఆమెకు వినిపిస్తుందేమోనని, "ఈ పెట్టెల్లో ఏముండాదో తెలుసునా? మీ డోలు అందరికీ ఇనపడేటట్ల చేసే మిషను. మైకుసెట్టు. కర్నూలు నుంచి తెచ్చినా" అన్నాడు, చొక్కా దులుపుకుంటూ.

"పోయిన ఏడు తెచ్చింటే బాగుండు" అని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

ఆ పిల్ల పేరు షంషాద్ బీ అని, ఆమె తండ్రే గని డోలు కొట్టే మదార్ సాహెబ్ అని, గని యజమాని రామలింగప్ప చెప్పగా తెలిసింది. గనిలో రాయి పేల్చడానికి ముందు మదార్ సాహెబ్ పెద్ద డోలు కొట్టాలి. అది వినగానే కూలీలంతా పనిముట్లు పడేసి రాతిపలకల చాటుకు చేరాలి. డోలు ఆగినాక మేస్త్రీ దాసన్న మందు వత్తి ముట్టిస్తాడు. ఎన్నో ఏళ్లుగా జరుగుతున్న పద్ధతి.

పోయిన ఆషాఢంలో గాలి ఎదురు తిరిగింది. పడమటి అంచున పనిచేస్తున్న రసూల్ చెవికి ఆ డోలు చేరలేదు. రసూల్ మదార్ సాహెబ్ కొడుకే. తండ్రి డోలు కొట్టి ఆపాడు, దాసన్న ముట్టించాడు, కొడుకు చాటుకు రాలేదు.

"నేను నిద్రపోయి ఏడాదాయె మైకయ్యా" అన్నాడు రామలింగప్ప. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. "యుద్ధం అయిపోయె గదా, మిలిటరీవాళ్లు మదరాసులో వేలమేసిన సామాను మీ దుకాణానికొచ్చిందని ఇన్నా. కొండమీద హారన్లు కట్టు. ఎదురుగాలిలో గూడా పడమటి అంచుకు ఇనపడల్ల. ఇంకొకర్ని మోసుకుపోలేను."

డోలు గని ఒడ్డున, రేకుల పాకలో, గుంజల మధ్య వేలాడుతోంది. మనిషి చేతులు చాచితే చుట్టూ అందనంత పెద్దది. తెల్ల తలపాగాతో మదార్ సాహెబ్ దాని చర్మం మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"సలామ్, మామా" అన్నాడు మాబాషా మర్యాదగా.

పక్కనే ఉన్న షంషాద్ చురుక్కున చూసింది. "అప్పుడే మామనా?"

"పెద్దాయనను ఏమని పిలవల్ల మల్ల?"

"పిలవొద్దు. పని చూసుకో."

మాబాషా పని చూసుకున్నాడు. అతని దగ్గర మూడు రకాల మైకులున్నాయి. మొదటిది మీటింగుల్లో వాడే బొగ్గుపొడి మైకు. దాన్ని డోలు ముందు పెట్టి "కొట్టండి" అన్నాడు. మదార్ సాహెబ్ కర్ర ఎత్తి ఒక్కటి వేశాడు. హారను బర్రుమని గొంతు పట్టినట్టు అరిచి మూగబోయింది.

"సచ్చిపాయనా?" అంది షంషాద్.

"లోపల బొగ్గుపొడి గడ్డ కట్టింది. తట్టితే లేస్తుంది." తట్టాడు. లేచింది. ఇంకో దెబ్బ పడింది. మళ్లీ మూగబోయింది.

"డోలు కొట్టినప్పుడల్లా దీన్ని తట్టే మనిషినొకర్ని పెట్టల్ల" అంది ఆమె. నవ్వలేదు గాని నవ్వు అంచుదాకా వచ్చింది. మాబాషాకు ఆ మాత్రం చాలు.

రెండోది రిబ్బను మైకు. అతను దాన్ని గుడ్డలో నుంచి పసిబిడ్డను తీసినట్టు తీశాడు. "దీంట్లో సిగరెట్టు కాగితం కన్నా పల్చని రేకు ఉంటాది. దీని అంత బాగా పలికేది ఇంకోటి లేదు."

"అయితే అదే పెట్టు."

"డోలు దెబ్బకు లేచే గాలికే ఆ రేకు చినిగిపోతాది. ఈ ఆషాఢం గాలికి దీన్ని బయటికి తేవాలంటేనే నాకు భయం. ఇది పోతే మా దుకాణం యజమాని నన్ను తంతాడు."

మూడోది సైన్యం వాళ్లు వాడి పారేసిన డైనమిక్ మైకు. ఒక పక్క సొట్టపోయింది. రంగు ఊడింది.

"ఇదేందప్పా, ఇంత వికారంగా ఉండాది?"

"ట్యాంకుల్లో పనిచేసింది. దీని లోపల చుట్ట, అయస్కాంతం. ఎంత దెబ్బయినా ఓర్చుకుంటాది. పలుకు అంత తియ్యగా ఉండదు, అంతే."

మదార్ సాహెబ్ దెబ్బ వేశాడు. మైకు చావలేదు. కాని కొండమీది హారన్ల నుంచి వచ్చింది డోలు కాదు, ఎవరో గోడ అవతల దగ్గినట్టు ఉంది. మాబాషా ముఖం వాడిపోయింది. అతను ఆ వారమంతా దానితోనే కుస్తీ పట్టాడు. మైకును డోలు వెనక పెట్టాడు, పక్కన పెట్టాడు, కింద పెట్టాడు. హారను వైపు తిరిగితే కీచుమని కూత. గాలి తగిలితే బరబర. షంషాద్ పాత ఓణీ చింపి ఇస్తే దాన్ని మైకుకు చుట్టాడు. బరబర తగ్గింది.

చివరికి సంగతి అర్థమైంది. హారను చిన్న నోటిది. డోలు కడుపులో పుట్టే ఆ లోతైన 'ధం' దాని గొంతులో పట్టదు. కర్ర చర్మాన్ని తాకిన క్షణాన పుట్టే 'టాప్' ఒకటే అందులోంచి బయటికి పోతుంది. అందుకని మైకును కర్రపడే వైపుకు, దెబ్బ గాలి నేరుగా తగలకుండా కొంచెం ఓరగా పెట్టాడు. కర్ర చివర చుట్టిన గుడ్డ తీసేయించాడు.

షంషాద్ పడమటి అంచుకు పోయి నిలబడింది. ఎదురుగాలి వీస్తోంది. ఇంకెవరినైనా పంపుదామంటే ఆమె ఒప్పుకోలేదు. రసూల్ పడిపోయిన చోటే నిలబడి వింటానంది.

డోలు మోగింది. దూరాన ఆమె ఓణీ చెంగు పైకి లేపి ఊపింది. ఊపుతూనే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు ముఖం కడుక్కున్నట్టు తడిగా ఉంది.

"ఇనపడిందా?" అన్నాడు మాబాషా.

"ఇనపడింది" అని, ఓణీ చెంగుతో ముఖం తుడుచుకుంటూ, "టెస్టింగ్ అయిపోయింది గదా. ఇంక కర్నూలుకు పోతావా?" అంది.

"బ్యాటరీలు చూడను వారానికొకసారి రావల్ల."

"వారానికొకసారి చాలునా బ్యాటరీలకు?"

అది బ్యాటరీల సంగతి కాదని ఇద్దరికీ తెలుసు.

తర్వాతి వారం అతను వచ్చినప్పుడు మబ్బు పట్టింది. ఆ ఎండుభూమిలో వాన పడడమే అరుదు. చినుకులు మొదలవగానే షంషాద్ "డోలు! డోలు తడిసిపోతాది!" అని పరుగెత్తింది. తడిస్తే చర్మం సాగి మాట పడిపోతుంది. పాక రేకుల సందుల్లోంచి నీళ్లు కారుతున్నాయి. ఇద్దరూ చెరొక పక్క కంబళి పట్టుకుని డోలు మీద కప్పారు. కంబళి జారకుండా పట్టుకుని, డోలుకు ఆ పక్క ఆమె, ఈ పక్క ఇతను. తాను తడిసిపోతున్నా మాబాషా కదల్లేదు. వాన ఇంకాసేపు పడాలని మాత్రం మనసులో దువా చేసుకున్నాడు.

"ఒక మాట చెప్తా. ఎవురికీ చెప్పకూడదు" అంది షంషాద్.

"చెప్పను."

"మా నాయనకు సరిగ్గా ఇనపడదు. ఇన్నేండ్లు ఆ డోలు పక్కనే నిలబడినాడు గదా. మనం మాట్లాడితే పెదాలు చూసి జవాబిస్తాడు. హారను మోత అసలే ఇనపడదు. డోలు మాత్రం ఇనపడతాది. ఇనపడ్డం కాదు, రొమ్ములో తెలుస్తాదంట. రామలింగప్ప అయ్యకు తెలిస్తే పని తీసేస్తాడు. పనిలేకుంటే నాయన బతకడు. రసూల్ పోయినాక ఈ డోలే నిలబెట్టింది ఆయన్ను."

"నా నోట రాదు" అని మాటిచ్చాడు.

ఆ మాటే తన పీకకు చుట్టుకుంటుందని అతనికి అప్పుడు తెలియదు.

శ్రావణం వచ్చేసరికి మదార్ సాహెబ్‌కు దగ్గు ఎక్కువైంది. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిందన్నారు. ఒక్కోసారి పాకలో ఎవరూ చూడకుండా షంషాదే డోలు కొట్టేది. రామలింగప్ప అది గమనించాడు. కోప్పడలేదు. కర్నూలు దుకాణానికి కబురు పంపాడు.

ఈసారి మాబాషా తెచ్చిన పెట్టె చాలా బరువుగా ఉంది. అందులో గ్రామఫోను ప్లేటు కోసే మిషను ఉంది. అది కూడా సైన్యం సామానే.

"మనిషికి దగ్గొస్తాది, జ్వరమొస్తాది. ప్లేటుకు రాదు" అన్నాడు రామలింగప్ప. "డోలును ప్లేటు మీద ఎక్కించు. రోజూ అదే తిప్పుదాము. సాహెబు ముసలోడైనాడు, పాపం. కింద గనిలో రాతి చెక్కలు ఏరే చిన్న పని ఇస్తా. కూర్చుని చేసుకుంటాడు."

ప్లేటు కోయడానికి మాబాషా రిబ్బను మైకునే ఎంచుకున్నాడు. డోలుకు దూరంగా, పాక అవతలి మూలన, గాలి తగలకుండా కంబళి గుడారంలో పెట్టాడు. అంత దూరాన రేకుకు ప్రమాదం లేదు, ధ్వని లోతంతా దొరుకుతుంది. ఆ రోజు మదార్ సాహెబ్ తన సర్వమూ పెట్టి కొట్టాడు. ఎందుకు కొట్టిస్తున్నారో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

షంషాద్ పాక గుమ్మంలోనే ఎదురుపడింది.

"ఇదా నువ్వు చేసేది? మా నాయన చేతే మా నాయన్ను పని నుంచి తీయిస్తివే!"

"షంషాద్, నాకు యజమాని చెప్తే..."

"నా పేరు పిలవొద్దు. ఆ వానలో నీకు ఎందుకు చెప్పుకున్నానో." ఆమె గొంతు అణిగింది. "ఆయన్ను గనిలోకి దించుతాండారు. ఇనపడని మనిషిని. నీకు తెలిసి గూడా."

"అయితే ఇప్పుడే పోయి అయ్యకు చెప్పేస్తా."

"చెప్తే ఆ పని గూడా పోతాది. మాటిచ్చినావు."

మాబాషా అక్కడే నిలబడిపోయాడు. చెప్తే ఈ పిల్ల జీవితంలో క్షమించదు. చెప్పకపోతే? ఆ ఆలోచన పూర్తి చేయడానికే భయమేసింది. రాత్రంతా చాప మీద అటూ ఇటూ దొర్లి, తెల్లవారగానే రామలింగప్పకు చెప్పేయాలని తీర్మానించుకున్నాడు.

తెల్లవారాక రామలింగప్ప దొరకలేదు. స్టేషన్లో రాయి ఎక్కిస్తున్నాడన్నారు. ఆయన వచ్చేసరికి మందు కూరడం అయిపోయింది. వస్తూనే, "పెట్టు, ప్లేటు పెట్టు" అని కేకేశాడు.

"అయ్యా, ఒక మాట..."

"తర్వాత చెబుదువులే! ముందు ప్లేటు!"

మాబాషా పాకలో నుంచే కిందికి చూస్తూ కళ్లతో మదార్ సాహెబ్‌ను వెతికాడు. రాతిపలకల చాటున కూలీలు అప్పుడే చేరుతున్నారు. అందులో తెల్ల తలపాగా ఒకటి కనిపించింది. మదార్ సాహెబే అనుకున్నాడు. ప్లేటు మీద ముల్లు పెట్టాడు.

కొండమీద హారన్లు టాప్ టాప్‌మని మోగాయి. పడమటి అంచు నుంచి కూడా జనం పరుగెత్తుకొచ్చారు. రామలింగప్ప మీసం దువ్వుకున్నాడు. ప్లేటు అయిపోయింది. కింద దాసన్న వత్తి ముట్టించి, వెనక్కి పరుగు తీశాడు.

తెల్ల తలపాగా మనిషి ఇటు తిరిగాడు. అతను మదార్ సాహెబ్ కాదు.

"నాయనా!"

షంషాద్ కేక అది. పాక ఒడ్డున నిలబడి కిందికి చూస్తోంది. పాకకు సరిగ్గా కింద, గని మూలలో, మదార్ సాహెబ్ ఇటు వీపు పెట్టి కూర్చుని రాతి చెక్కలు ఏరుతున్నాడు. తాపీగా. వత్తి ఎదురు గోడన పొగలు కక్కుతోంది. షంషాద్ గనిలోకి దిగే మెట్లమీద నుంచి కిందికి ఉరికింది.

మాబాషా "ఆగు!" అని అరిచాడు. మైకు అందుకుని అరవబోయాడు. గ్రామఫోను తగిలించడానికి మైకు తీగ తీసేసింది తనే. తగిలించినా ఏం లాభం? హారను మోత ఆయనకు వినపడదు.

రొమ్ములో తెలుస్తాదంట.

కర్ర ఎక్కడుందో చూసే తీరిక లేదు. మాబాషా రెండు పిడికిళ్లూ బిగించి పెద్ద డోలు మీద పడ్డాడు. జీవితంలో ఎన్నడూ డోలు కొట్టి ఎరుగడు. తాళం లేదు, లయ లేదు. ఒళ్లంతా వేసి గుద్దాడు. పాక గుంజలు కదిలాయి. కాళ్ల కింద రాయి కదిలింది.

కింద మదార్ సాహెబ్ చేతిలో చెక్క ఆగింది. ఆయన తల ఎత్తాడు. రొమ్ము మీద చెయ్యి వేసుకుని, వెనక్కి తిరిగి, మెట్ల మీద పరుగెత్తుకొస్తున్న కూతుర్ని చూశాడు. ఆ తర్వాత పొగను చూశాడు. ముసలాయన ఎట్లా లేచాడో, కూతుర్ని ఎట్లా అడ్డంగా పట్టి రాతిగోడ తొర్రలోకి తోశాడో ఎవరికీ సరిగ్గా కనిపించలేదు.

గని పేలింది.

దుమ్ము లేచింది. తెల్లటి, దట్టమైన దుమ్ము. ఏమీ కనిపించదు. మాబాషా ఇంకా డోలు గుద్దుతూనే ఉన్నాడు. దాసన్న వచ్చి పట్టుకుని ఆపితే గాని అతనికి తెలియలేదు. అతని చేతుల నుంచి రక్తం కారుతోంది. అతను మెట్ల దగ్గరికి పోయి దుమ్ములోకి చూస్తూ నిలబడ్డాడు. పిలుద్దామనుకుని ఆగాడు. పిలిచాక జవాబు రాకపోతే?

ముందు దగ్గు వినిపించింది. మదార్ సాహెబ్ దగ్గు. ఆ దగ్గంత తియ్యని ధ్వని అతను ఏ మైకులోనూ వినలేదు.

తర్వాత ఆమె కనిపించింది. తల నుంచి పాదాల దాకా పిండి చల్లినట్టు తెల్లగా, తండ్రి చెయ్యి పట్టుకుని ఎక్కుతోంది. పైకి వచ్చి మాబాషా చేతులు చూసింది. కింద కూలబడి ఏడ్చింది.

మాబాషా అప్పుడు రామలింగప్పకు అంతా చెప్పాడు. షంషాద్ ఆపలేదు. రామలింగప్ప ప్లేటు తీసి తన చేతులతోనే విరగ్గొట్టాడు.

"చెవిటోడని భయపడి దాచినావా సాహెబూ? నిన్ను నేను పని నుంచి తీస్తాననా?" అని, తీసేశానని గుర్తొచ్చి తల దించుకున్నాడు.

ఆ రోజు నుంచి దూరానికి హారన్లు, దగ్గరికి డోలు అని ఖాయమైంది. డోలు మనిషే కొట్టాలి. కొట్టే ముందు గనిలో ప్రతి మూలా చూసుకోవాలి. మదార్ సాహెబ్ చూస్తాడు, షంషాద్ కొడుతుంది. ఆడపిల్ల డోలు కొట్టడమేందని ఊళ్లో ఒకరిద్దరు సణిగారు. గని కూలీలు మాత్రం ఒక్కరూ సణగలేదు.

చేతికట్లు విప్పిన రోజు మాబాషా ఆమెను అడిగేశాడు.

"మా అమ్మను పిలుచుకొని రావల్లనుకుంటాండా."

"యాటికి?"

"మీ ఇంటికి. సంబంధం మాట్లాడను."

"వద్దు" అంది షంషాద్.

అతని ముఖం చూసి మళ్లీ తనే చెప్పింది. "నువ్వంటే ఇష్టం లేక కాదు. హారన్ల తీగలు చూడను కొండెక్కుతావు. అట్ల ఎక్కినప్పుడల్లా నాకు చేతులు చల్లబడతాండాయి. ఇంటికాడ కూర్చుని ఇంకొక మనిషి కోసం చెవులు రిక్కించుకోవల్లంటే నా వల్ల కాదు. నాకు భయం."

"నాకు మాత్రం లేదా? ఆ దుమ్ములోకి చూస్తా నిలబడినప్పుడు నేను సచ్చి బతికినా. ఇప్పటికీ నీకు దగ్గు వచ్చి రొంత సేపు మాట్లాడకుంటే నాకు దడ." అతను తల దించుకున్నాడు. "ఇంత భయపడేటోడు వద్దంటే చెప్పు. పోతా."

"భయం లేనోడైతే అసలే వద్దు" అంది షంషాద్.

అతను తలెత్తేసరికి ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. కాని చెంప మీద నవ్వు కనిపిస్తూనే ఉంది.

మరుసటి వారం మాబాషా తల్లి మున్నీ బీ కర్నూలు నుంచి రైల్లో వచ్చింది. గని మోతలకు అడుగడుగునా ఉలిక్కిపడుతూ, కొడుకు భుజం వదలకుండా, పాక దాకా నడిచింది. పాకలో చాప మీద మదార్ సాహెబ్ కూర్చున్నాడు. రామలింగప్ప పెద్దమనిషిగా వచ్చి గోడకు ఆనుకున్నాడు.

"మీ అమ్మిని మా ఇంటికి ఇవ్వండి, అన్నా" అంది మున్నీ బీ.

మదార్ సాహెబ్ ఆమె పెదాలు చూసి, కూతురి వైపు తిరిగాడు. "నీకు ఇష్టమేనా అమ్మీ?"

షంషాద్ ఓణీ నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అంది.

"ఏమీ?"

మళ్లీ అంది, ఇంకొంచెం పైకి.

"ఇనపడలేదమ్మీ."

అందరూ తనవైపే చూస్తున్నారు. బయట కూలీలు సుత్తులు ఆపి పాక గుమ్మం దగ్గర గుంపు చేరారు. షంషాద్ ఓణీ తీసేసి, కళ్లు గట్టిగా మూసుకుని అరిచింది.

"ఇష్టమే నాయనా! శానా ఇష్టం!"

గని గోడల నుంచి ఆ మాట తిరిగి వచ్చింది. కూలీలు నవ్వుతూ ఈలలు వేశారు. మాబాషా చెవులదాకా ఎర్రబడ్డాడు. మున్నీ బీ మోతలన్నీ మరిచిపోయి, కాబోయే కోడలి తల నిమిరి మెటికలు విరిచింది.

మదార్ సాహెబ్ కూతుర్ని దగ్గరికి తీసుకున్నాడు.

"మొదటిసారే నీ ముఖం చూసి తెలుసుకున్నాలే పిచ్చిదానా" అన్నాడు. "రసూల్ పోయినాక నువ్వు గట్టిగా సంతోషపడింది చూడలేదు. ఒకసారి చూడాలనిపించింది."